వూవ్రే బాటిల్ తెరిచే ముందు: తీపి ఎంతో కనిపెట్టడం ఎలా, పక్కన ఏం వడ్డించాలి

వూవ్రే అని రాసి ఉన్న బాటిల్ చేతిలోకి తీసుకున్నారంటే, అందులో ఏముందో మీకు ఇంకా సగమే తెలిసినట్టు. నాలుక జివ్వుమనిపించే పుల్లటి వైన్ కావచ్చు. తేనె కలిపినట్టుండే తియ్యటి వైన్ కావచ్చు. కార్క్ తీయగానే బుస్సుమని పొంగే బుడగల వైనూ కావచ్చు. ఊరు ఒకటే, ద్రాక్ష ఒకటే, చాలాసార్లు లేబుల్ బొమ్మ కూడా ఒకటే.

ఇది నాకు పుస్తకం చదివి తెలియలేదు. మొదటిసారి వూవ్రే కొన్నరోజు ఇంటికి నలుగురిని భోజనానికి పిలిచి, చేపలు వేయించి, నిమ్మచెక్కలు కోసి పెట్టుకున్నాను. దుకాణంలో అడిగితే "చేపలకి బాగుంటుంది, తీసుకెళ్లండి" అన్నారు. గ్లాసుల్లో పోశాక ఒక గుక్క తాగి మా బాబాయి, "పానకం బానే ఉంది గానీ వైన్ ఎప్పుడు పోస్తావురా?" అన్నాడు. అప్పటి నుంచి ఈ బాటిల్ విషయంలో నేను పాటించే వరుస ఇది: ముందు తీపి ఎంతో తేల్చుకోవాలి, తర్వాతే వంట సంగతి. మీరూ ఇదే వరుసలో వెళ్లండి.

ముందుగా, ఏ ఊరి వైనో తెలుసుకోండి

ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డున తూర్ అనే నగరం ఉంది. దానికి తూర్పున, నదికి ఉత్తరపు గట్టున ఉన్న చిన్న ఊరు వూవ్రే. ఆ ఊరూ, చుట్టుపక్కల రోష్‌కోర్బోం, వెర్నూ-సుర్-బ్రెన్ లాంటి మరికొన్ని ఊళ్లూ కలిపి పండించే తెల్ల వైన్‌కే ఆ పేరు పెట్టుకునే హక్కు ఉంది. 1936 నుంచి ఇది చట్టం. నది దాటి అవతలి గట్టుకి వెళ్తే మోంలూయీ వస్తుంది. అక్కడా అదే ద్రాక్ష, దాదాపు అదే రుచి, కానీ పేరు వేరు. దుకాణంలో వూవ్రే లేకపోతే మోంలూయీ తీసుకోండి, నష్టపోరు.

ద్రాక్ష పేరు షెనిన్ బ్లాంక్. మన నాసిక్ వైపు కూడా ఇదే ద్రాక్ష విరివిగా పండిస్తారు. అక్కడి వైన్ కంపెనీ సులా 2000లో మొదట విడుదల చేసిన వైన్లలో షెనిన్ బ్లాంక్ ఒకటి. హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఉండి, వూవ్రే మీద డబ్బు పెట్టే ముందు ఈ ద్రాక్ష మీ నాలుకకి నచ్చుతుందో లేదో చూసుకోవాలంటే ముందు నాసిక్ షెనిన్ ఒకటి తాగి చూడండి. రెండూ ఒకేలా ఉండవు. నాసిక్‌ది పళ్ల రుచితో మెత్తగా ఉంటుంది, వూవ్రే పులుపు పదునుగా తగులుతుంది. కానీ అక్కచెల్లెళ్ల పోలిక తెలుస్తుంది.

ఆ పదునుకి కారణం ఊరి వాతావరణం. షెనిన్ ఆలస్యంగా పండే ద్రాక్ష. చల్లటి ఊళ్లో అక్టోబర్‌లో, ఒక్కోసారి నవంబర్‌లో కూడా కోస్తారు. అంత ఆలస్యంగా కోసినా పండులో పులుపు తగ్గదు. పైగా ఎక్కువమంది తయారీదారులు ఆ పులుపుని అలాగే ఉంచేస్తారు. చాలా వైన్లలో ఆపిల్‌లో ఉండే గట్టి పులుపుని సూక్ష్మజీవులు పెరుగులో ఉండే మెత్తటి పులుపుగా మారుస్తాయి. వూవ్రేలో సాధారణంగా అది జరగనివ్వరు. అందుకే ఎంత తియ్యటి వూవ్రే అయినా మొహం మొత్తదు.

ఊరి కింద ఉన్న రాయి గురించి కూడా ఒక మాట. తుఫో అనే మెత్తటి, పాలిపోయిన సున్నపురాయి అది. లువార్ లోయలోని రాజుల కోటలకీ ఇళ్లకీ ఆ రాయినే తవ్వి తీసుకెళ్లారు. తవ్వగా మిగిలిన గుహలు ఊరికి లాభంగా మిగిలాయి. వాటిలో కొన్నిటిలో జనం కాపురాలు పెట్టారు, కొన్నిటిలో వైన్ దాచారు. ఎండాకాలమైనా చలికాలమైనా లోపల 12 డిగ్రీల దగ్గరే ఉంటుంది. కరెంటు లేని ఫ్రిజ్ అన్నమాట. 1980ల్లో పారిస్ నుంచి వచ్చే వేగపు రైలు మార్గం ఈ తోటల మీదుగా వేయాల్సి వస్తే ఊరివాళ్లు గట్టిగా ఎదురుతిరిగారు. చివరికి రైలుని తోటల కింద సొరంగంలోంచి పంపించారు.

రెండో పని, అసలైన పని: తీపి ఎంతో కనిపెట్టండి

ఫ్రెంచ్ పలుకుబడికీ రాతకీ పొంతన ఉండదు కాబట్టి, లేబుల్ మీద మీ కంటికి కనబడే అక్షరాలతోనే చెప్తాను.

"ఎస్-ఇ-సి" అని ఉంటే సెక్. తీపి లేనిది. లీటరుకి 8 గ్రాముల లోపే చక్కెర ఉంటుంది, అది నాలుకకి తెలియదు.

"డి-ఇ-ఎం-ఐ" తర్వాత "ఎస్-ఇ-సి" అని ఉంటే దెమి-సెక్. సగం తీపి. యూరప్ నియమం ప్రకారం పులుపు బాగా ఉన్న వైన్‌లో లీటరుకి 18 గ్రాముల దాకా ఉండొచ్చు. భయపడకండి, 150 మిల్లీలీటర్ల గ్లాసుకి లెక్క కడితే మూడు గ్రాములు కూడా కాదు. మీరు పొద్దున్నే తాగే టీలో దీనికి రెండింతలో మూడింతలో ఉంటుంది.

"ఎం-ఓ-ఇ-ఎల్-ఎల్-ఇ-యు-ఎక్స్" అని ఉంటే మ్వల్లో. తియ్యటిది, 45 గ్రాముల దాకా. అంతకన్నా తియ్యనిది "డి-ఓ-యు-ఎక్స్", అంటే దూ.

కొందరు "సెక్-తాంద్ర్" అనే మాట కూడా వాడతారు. అది చట్టంలో ఉన్న మాట కాదు, ఆ ప్రాంతంలో వాడుక మాట. సెక్‌కీ దెమి-సెక్‌కీ మధ్యలో, తీపి ఉందా లేదా అని మీరు కాస్త తటపటాయించే చోటన్నమాట. నా మట్టుకు నాకు వూవ్రేలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

చిక్కేమిటంటే, బుడగల్లేని వైన్ మీద ఈ మాట రాయాలనే నిర్బంధం లేదు. రాయకుండా వదిలేసేవాళ్లు ఉన్నారు. అప్పుడు ఏం చేయాలంటే:

లేబుల్ వెనక క్యూఆర్ కోడ్ కోసం వెతకండి. 2023 డిసెంబర్ 8 తర్వాత తయారై యూరప్‌లో అమ్మే వైన్లకి పోషక విలువలు చెప్పడం తప్పనిసరి చేశారు. లేబుల్ మీద రాయొచ్చు, లేదా కోడ్ ఇవ్వొచ్చు. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఒక పట్టిక వస్తుంది. అందులో చక్కెర వంద మిల్లీలీటర్లకి ఎంతో ఉంటుంది. దాన్ని పదితో గుణించండి. 0.5 అని ఉంటే లీటరుకి 5 గ్రాములు, అంటే సెక్. 3 అని ఉంటే 30 గ్రాములు, మ్వల్లో. ఇంతకన్నా సూటి దారి లేదు. పాత బాటిళ్ల మీద, యూరప్ బయటికి పంపే కొన్నిటి మీద ఇది ఉండదు.

కోడ్ లేకపోతే ఆల్కహాల్ శాతం చూడండి. ద్రాక్షలోని చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది. మారకుండా మిగిలితే తీపి. కాబట్టి 13.5 లాంటి అంకె ఉంటే చాలావరకు తీపి లేని వైన్. 11.5 లాంటిది ఉంటే కొంత చక్కెర మిగిలి ఉండొచ్చు. ఇది అంచనా మాత్రమే, దీన్ని నమ్ముకుని పందెం కాయకండి.

ఆ తర్వాత సంవత్సరం. వూవ్రేలో ఏ ఏడాది ఏ రకం చేయాలో రైతు ముందే నిర్ణయించుకోలేడు, వాతావరణం నిర్ణయిస్తుంది. ఎండ బాగా కాసి, శరదృతువు పొడిగా గడిచిన ఏడాది పండు తీగ మీదే కుదించుకుపోయి తీపి చిక్కబడుతుంది. నదుల మీంచి పొద్దున్నే లేచే మంచు తోడైతే ద్రాక్షపళ్ల మీద ఒక రకం బూజు పడుతుంది. బూజంటే మనకి పారేయాల్సిందే గానీ, ఇది పండులో నీటిని లాగేసి తీపినీ రుచినీ మిగిల్చే మంచి బూజు. అలాంటి గుత్తుల్ని ఒక్కసారే కోయరు, తోటలో మళ్లీ మళ్లీ తిరిగి, పండినవి పండినట్టు చేత్తో ఏరుకుంటారు. 1947, 1959, 1989, 1990 ఇలాంటి ఏళ్లు. ఆనాటి మ్వల్లోలని ఇప్పటికీ వెతుక్కుని మరీ తాగుతారు. చల్లగా, వానలతో గడిచిన ఏడు మాత్రం పంటంతా సెక్‌కీ బుడగల వైన్‌కీ పోతుంది. ఇక 2013 జూన్‌లో వడగళ్లు పడి సగానికి పైగా తోటల్ని దెబ్బతీశాయి, ఆ ఏడు చాలామందికి ఏదో ఒకటి చేయడానికి కూడా పంట మిగల్లేదు.

ఇప్పుడు బుడగల వూవ్రే. ఊళ్లో తయారయ్యేదాంట్లో సగానికి పైగా ఇదే. షాంపేన్ పద్ధతిలోనే, బాటిల్లోనే రెండోసారి పులియబెట్టి చేస్తారు. "బి-ఆర్-యు-టి" అంటే బ్రూట్ అని ఉంటే తీపి ఉండదనుకోండి, లీటరుకి 12 గ్రాముల లోపు. అయితే ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. బుడగల వైన్ మీద ఉన్న "సెక్" వేరు, బుడగల్లేని దాని మీద ఉన్న "సెక్" వేరు. బుడగల సెక్‌లో 17 నుంచి 32 గ్రాములు, బుడగల దెమి-సెక్‌లో 32 నుంచి 50 గ్రాములు ఉంటాయి. మాట ఒకటే, కొలత రెండు మూడింతలు. మా బాబాయి చెప్పిన పానకం ఇదే ఉచ్చులో పడి కొన్నది కాదు గానీ, దీంట్లోనూ నేను ఒకసారి పడ్డాను.

"పి-ఇ-టి-ఐ-ఎల్-ఎల్-ఎ-ఎన్-టి", పెతియాం అని ఉంటే బుడగలు ఉంటాయి గానీ ఒత్తిడి తక్కువ. ముక్కు అదిరేలా కాకుండా నాలుక మీద సన్నగా చిటపటలాడుతుంది. కనిపిస్తే వదలొద్దు.

మూడోది: చల్లబరచండి, కానీ గడ్డకట్టించకండి

బుడగలవి 6–8 డిగ్రీలు, సెక్ 8–10, దెమి-సెక్ 10 దగ్గర, మ్వల్లో 10–12. థర్మామీటర్ అక్కర్లేదు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న బాటిల్‌ని బుడగలదైతే వెంటనే తెరవండి. సెక్ అయితే పదిహేను నిమిషాలు బయటపెట్టి తెరవండి. మ్వల్లో అయితే అరగంట. మన ఎండాకాలంలో ఈ లెక్క సగానికి సగం తగ్గించుకోవాలి. మరీ చల్లగా పోస్తే వాసన రాదు, పులుపు మాత్రం మిగిలి పళ్లు పులుస్తాయి.

గ్లాసు గురించి ఎక్కువ చెప్పను. కాడ ఉన్నది, నోరు కొంచెం ముడుచుకున్నది ఉంటే చాలు. మూడో వంతుకి మించి పోయకండి.

నాలుగోది: గ్లాసులో ఏముందో గమనించండి

తినడానికి ముందు ఒక్క నిమిషం. పోసి, తిప్పి, వాసన చూడండి. కొత్త వూవ్రేలో ఆపిల్, పియర్ వస్తాయి. పుస్తకాల్లో అందరూ క్విన్స్ అనే పండు పేరు చెప్తారు. అది మన దగ్గర దొరకదు, దోర జామకాయని ఆపిల్ పక్కన పెట్టి వాసన చూసినట్టు అనుకోండి. కొంచెం వయసున్నదైతే తేనె, ఎండిన చామంతి, తేనెపట్టు మైనం. ఇంకొక వాసన కూడా ఉంది. మొదటిసారి తగిలితే బాటిల్ పాడైందేమో అనిపిస్తుంది. తడిసిన ఉన్ని వాసన. వానలో తడిసి గుమ్మం దగ్గర ఆరేసిన గొంగళి వాసన తెలిసినవాళ్లకి ఇది వెంటనే గుర్తొస్తుంది. అది షెనిన్ సహజ గుణం, లోపం కాదు. కాసేపటికి గ్లాసులో అది వెనక్కి తగ్గి పళ్ల వాసన ముందుకొస్తుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం కార్క్ చెడిందన్నమాట, దుకాణానికి తిరిగిచ్చేయండి.

ఇప్పుడు ఒక గుక్క తీసుకుని మింగి, తల కొంచెం ముందుకి వంచి ఆగండి. నాలుక కింద నీళ్లు ఊరతాయి. ఎంత త్వరగా, ఎంత ధారగా ఊరితే అంత పులుపు. వూవ్రేలో ఇది ఎప్పుడూ ఎక్కువే. తీపి ఉందో లేదో తేల్చుకోలేకపోతున్నారంటే కారణం ఈ పులుపే. నిమ్మకాయ షర్బత్ తలుచుకోండి. అందులో నాలుగు చెంచాల పంచదార వేసినా "తియ్యగా ఉంది" అనం, "సరిపోయింది" అంటాం. అదే పంచదార వట్టి నీళ్లలో వేస్తే తాగలేం. దెమి-సెక్ వూవ్రే షర్బత్ లాంటిది.

ఐదోది: వంట కుదర్చండి

ముందు ఆ ఊరివాళ్లు ఏం తింటారో చూద్దాం. ఒక ఊళ్లో వైన్, వంట వందల ఏళ్లు పక్కపక్కనే పెరిగితే వాటి మధ్య పొత్తు దానంతటదే కుదురుకుంటుంది.

సెక్ పక్కన తూర్ వాళ్లు రియెత్ పెడతారు. పంది మాంసాన్ని దాని కొవ్వులోనే గంటల తరబడి సన్నటి సెగ మీద మగ్గబెట్టి, పీచులుగా చిదిమి, చల్లార్చి రొట్టె మీద పూసుకునేది. కొవ్వు నోటికి పూతలా అంటుకుంటుంది, వూవ్రే పులుపు దాన్ని కడిగేస్తుంది. ఇంకొక ముద్దకి నోరు సిద్ధం. మనం నేతి పెసరట్టు మీదికి అల్లం పచ్చడి వేసుకోవడంలో ఉన్న తర్కమే.

మేకపాల చీజ్ రెండోది. తూర్‌కి దక్షిణాన సెంత్-మోర్ అనే ఊరి పేరుతో ఒక చీజ్ ఉంది. పొడుగ్గా దుంగలా ఉండి, పైన బూడిద రాసి, విరిగిపోకుండా మధ్యలోంచి ఒక గడ్డిపోచ దూర్చి ఉంటుంది. పన్నీర్ కన్నా పుల్లగా, ఉప్పగా ఉంటుంది. దీనికి సెక్ కూడా బాగుంటుంది, సెక్-తాంద్ర్ అయితే ఇంకా బాగుంటుంది.

మూడోది లువార్ నది చేపకి వెన్న సాస్. దాని పేరు బ్యూర్ బ్లాం, నదికి దిగువన నాంత్ వైపు పుట్టింది. ఇది ఇంట్లో చేయగలిగిందే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. నలుగురికి సాంబారు ఉల్లిపాయలు ఐదారు తీసుకుని కనబడనంత సన్నగా తరగండి. మందపాటి చిన్న గిన్నెలో ఉల్లి, వంద మిల్లీలీటర్ల సెక్ వూవ్రే, రెండు పెద్ద చెంచాల వెనిగర్ వేసి సన్నటి మంట మీద పెట్టండి. ఉడికి ఉడికి, గిన్నె వంచితే రెండు చెంచాల ద్రవం మాత్రమే కనబడే దాకా ఇగరనివ్వండి. ఉప్పు లేని వెన్న 150 గ్రాములు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది, చిన్న ముక్కలు కోసి పెట్టుకోండి. మంట అతి తక్కువ చేసి, ఒక్కో ముక్కా వేస్తూ గిలకొట్టండి. ఒకటి కరిగాకే ఇంకొకటి. మరగకూడదు. మరిగిందంటే వెన్న నెయ్యిగా విడిపోతుంది. అంచుల్లో పసుప్పచ్చ నూనె కనబడిందా, వెంటనే దించి, ఒక చెంచా చల్లటి నీళ్లు పోసి గట్టిగా గిలకొట్టండి. చాలాసార్లు మళ్లీ కలుస్తుంది. చివర్లో ఉప్పు. అక్కడ సాండ్ర్ అనే నది చేప వాడతారు. మనకి పండుగప్ప చక్కగా సరిపోతుంది. ముళ్లు తీసిన ముక్కల్ని ఉప్పు రాసి ఆవిరి మీద ఉడికించి, ప్లేటులో పెట్టి, మీద ఈ సాస్ పోయండి. సాస్‌లో పోసిన బాటిల్లో మిగిలినదే గ్లాసుల్లోకి.

దెమి-సెక్‌కి అక్కడ ఎండు ప్లమ్ పళ్లతో వండిన పంది మాంసం, క్రీమ్ వేసిన కోడికూర వడ్డిస్తారు. అయితే దీని అసలు బలం కారం దగ్గర తెలుస్తుందని నా అభిప్రాయం. ఇది ఫ్రాన్స్‌లో వంటవాళ్లు చెప్పేది కాదు, విదేశాల్లో కాపురం పెట్టి ఇంట్లో మన వంట, బయట వాళ్ల వైన్ ఉన్న ఎవరికైనా అనుభవంలో తెలిసేది. ఆల్కహాల్ కారం మంటని పెంచుతుంది. ఎర్ర వైన్‌లోని వగరు దాన్ని ఇంకా పెంచుతుంది. కొద్దిపాటి తీపి తగ్గిస్తుంది. కాబట్టి కారం ఉన్న కూరకి తీపి లేని గట్టి వైన్ పోయడమంటే పొయ్యిలో కిరోసిన్ పోయడమే. దెమి-సెక్‌లో ఆల్కహాల్ కాస్త తక్కువ, తీపి కొంచెం ఉంటుంది, పులుపు ఉంటుంది. కొబ్బరిపాలు పోసి వండిన రొయ్యల కూర, మిరియాల కోడి, అల్లం పచ్చడితో పెసరట్టు, వీటికి నేను వేరే వైన్ వెతకను.

కానీ మన వంటలన్నీ దీనికి లొంగవు. చేపల పులుసులో చింతపండు వూవ్రే కన్నా పుల్లగా ఉంటుంది. కూర వైన్ కన్నా పుల్లగా ఉంటే వైన్ నీళ్లలా చప్పబడిపోతుంది. గోంగూర మాంసం సంగతి సరేసరి. నేను మూడు రకాలు ప్రయత్నించి ఓడిపోయాను. గోంగూర పక్కన మజ్జిగ పెట్టుకోండి, బాటిల్‌ని ఇంకో రోజుకి దాచండి. ఆవకాయ కూడా అంతే. ఆవపిండి ఘాటుకి వైన్ వాసన మిగలదు.

బుడగల బ్రూట్‌కి నూనెలో వేగిన ఏదైనా సరే. పునుగులు, మిరపకాయ బజ్జీ, మసాలా వడ, వేయించిన జీడిపప్పు. బుడగలూ పులుపూ కలిసి నూనెని నోట్లోంచి ఊడ్చేస్తాయి. వానాకాలం సాయంత్రం బజ్జీలతో టీ బదులు ఇది పోసి చూడండి. టీ మీద బెంగ పెట్టుకోరని హామీ ఇవ్వలేను గానీ, బజ్జీలు మాత్రం ముందుకన్నా త్వరగా అయిపోతాయి.

మ్వల్లో దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు, తియ్యటి వైన్ కదా అని తియ్యటి మిఠాయి పక్కన పెట్టడం. లడ్డూ తిన్నాక కాఫీ తాగితే ఎలా ఉంటుంది? పంచదార వేయడం మర్చిపోయారా అని అడుగుతారు. ఇదీ అంతే. మిఠాయి వైన్ కన్నా తియ్యగా ఉంటే వైన్ పుల్లగా, పలచగా అయిపోతుంది. పూతరేకులు, బొబ్బట్లు, కాజాలు దీని పక్కన వద్దు. పండు ఎక్కువ, పంచదార తక్కువ ఉన్నది కావాలి. ఆపిల్ టార్ట్, ఉడికించిన పియర్, దోరగా పండిన మామిడి ముక్కలు. ఇంకా బాగుండేది తీపే లేనిది, నీలి చారల చీజ్. ఉప్పదనం, ఘాటు ఒక పక్క, తేనె లాంటి తీపి ఒక పక్క. బిస్కెట్ మీద గోరంత చీజ్ పెట్టుకుని నోట్లో కరుగుతుండగా ఒక గుక్క. పాత మ్వల్లో దొరికితే మాత్రం పక్కన ఏమీ పెట్టకండి. అది ఒక్కటే చాలు.

దాచుకోవడం, మిగిలింది వాడుకోవడం

సెక్ కొన్న నాలుగైదేళ్లలో తాగేయొచ్చు. మంచి మ్వల్లో దశాబ్దాలు నిలుస్తుంది, దానికి కాపలా పులుపూ చక్కెరా రెండూ. ఊరగాయ నిలిచినట్టే. అయితే మన ఇళ్లలో 12 డిగ్రీల గుహ లేదు. హైదరాబాద్ మే నెలలో అలమరాలో నిలబెట్టిన బాటిల్ ఇరవై ఏళ్లు కాదు, రెండేళ్లు ఆగితే గొప్ప. వైన్ ఫ్రిజ్ లేకపోతే కొని ఆ ఏడాదిలోపే తెరవండి. విదేశం నుంచి తెచ్చుకునేవాళ్లు మనిషికి రెండు లీటర్ల వరకే సుంకం లేకుండా తేవచ్చని గుర్తుంచుకోండి. అంటే మామూలు బాటిళ్లు రెండు. ఆ రెండిట్లో ఒకటి దెమి-సెక్ ఉండేలా చూసుకోండి.

తెరిచాక మిగిలిన సెక్‌ని కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగుంటుంది. మ్వల్లో వారం ఉంటుంది. బుడగలవి అదే రోజు తాగేయాలి. బాటిల్ మూతిలో స్టీలు చెంచా వేలాడదీస్తే బుడగలు పోవనే చిట్కా ఫ్రాన్స్‌లో కూడా వినబడుతుంది. నేను చేసి చూశాను, చెంచా చల్లబడటం తప్ప ఇంకేమీ జరగలేదు.

అడుగున పంచదార పలుకుల్లాంటివి కనబడితే కంగారు పడకండి. గాజు పెంకులూ కావు, ఎవరో చక్కెర కలిపిందీ కాదు. ద్రాక్షలోని పులుపే చల్లదనానికి గడ్డకట్టి దిగిన పలుకులు. ఒకటి నాలుక మీద పెట్టి చూస్తే పుల్లగా కరకరలాడుతుంది. బాటిల్‌ని అరగంట నిలబెట్టి, ఆఖరి అరగ్లాసు వదిలేసి పోసుకోండి. ఆ అరగ్లాసుతో పైన చెప్పిన వెన్న సాస్ ఒక మనిషికి చేసుకోవచ్చు, పలుకులు రాకుండా వడగట్టుకుంటే సరి.